చాయ్ అక్క చెయ్యి పడితేనే లేచిన కంప్యూటర్

సూరత్‌ల మా ఖటోదరాల నన్ను పేరు వెట్టి పిలిచినోళ్లు తక్కువ. అందరికీ నేను ‘బంద్-చాలూ కాకా’నే. ఏ మిషిన్ మొరాయించినా నేను ముందుగాల చెప్పే మాట ఒక్కటే: బంద్ చెయ్యి, నూరు లెక్కవెట్టు, చాలూ చెయ్యి. పదిసార్లల్ల తొమ్మిదిసార్లు దాంతోనే పనయ్యేది. మిగిలిన ఆ ఒక్కసారి నా పరువు ఎట్ల దీసిందో ఇయ్యాల చెప్త.

కంప్యూటర్ రిపేరు నేర్చుకుంటున్న మన పిల్లలు భేస్తాన్‌ల మా ఇంటికొచ్చి అడుగుతుంటరు: “కాకా, నీ సర్వీసుల అన్నిట్లకెల్ల కష్టమైన కేసు ఏది?” అని. బోర్డు కాలిన కథో, వైరస్ కథో చెప్తననుకుంటరు. నేను చాయ్ వోసే అక్క గురించి షురూ జేస్తే వాళ్ల మొఖాలు ఇంతింత అయితయి. అయినా నేను ఆపను. మీరు గూడ జర ఓపిక వట్టుండ్రి.

మా ఇంట్ల అందరు మగ్గం మీదోళ్లే. నేను సూరత్‌కు వచ్చింది గూడ పవర్‌లూమ్ నడపనీకే. నడిపిన, కొన్నేండ్లకు బెల్టులు మార్చుడు, మోటర్లు విప్పుడు నేర్చిన. ఆ తర్వాత ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానాల మెకానిక్కుగ చేరిన. గప్పుడే కంప్యూటర్లు వచ్చినయి. మొదటి కంప్యూటర్ డబ్బా దించిన రోజు ఎవ్వరు దగ్గరికి వోతలేరు. కరెంట్ కొడ్తదని భయం. నేను పోయి ముట్టిన. కొట్టలే. అంతే, ఆ రోజు నుంచి నేనే కంప్యూటర్ మనిషిని. తర్వాత సాయంత్రం క్లాసులకు వోయి కొంత నేర్చుకున్న గని, నా అసలు అర్హత మాత్రం అదే.

కార్ఖానాల కింద పెద్ద పెద్ద ఎంబ్రాయిడరీ మిషిన్లు. పైన ఒక అర్ర. ఆ అర్రల చీరెల మీది పూలు, తీగెలు, నెమళ్లు తయారు జేసే డిజైన్ కంప్యూటర్. ఆడ తయారైన డిజైన్‌ను పెన్ డ్రైవ్‌ల ఏసుకొని కింద మిషిన్లకు ఇస్తరు. పైన కంప్యూటర్ లేవకపోతే కింద సూదులన్ని ఆగినట్టే.

డిజైన్లు గీసేది ఒక ముప్పై ఏండ్ల అమ్మాయి. అమ్మనాయినలు మనోళ్లే గని, పుట్టింది పెరిగింది సూరత్‌లనే. ఒక్క మాట తెలుగుల షురూ జేస్తే హిందీల మలిగి గుజరాతీల తేలుతది. మా మేనేజర్ గుజరాతీ ఆయన. భక్తి ఎక్కువ, భయం ఇంకా ఎక్కువ. శేఠ్ మంచోడే, కాకపోతే పనిజేసేదాన్ని కదిలియ్యొద్దు అన్నది ఆయన మొదటి సూత్రం. ఇగ చాయ్ అక్క. జగిత్యాల దిక్కు ఆమె. అర్రలు ఊడ్సుడు, బల్లలు తుడుసుడు, రెండు పూటల చాయ్ వెట్టుడు ఆమె పని. చదువు రాదు. నన్ను ‘తమ్మీ’ అనేది, నేను ‘అక్కా’ అనేటోన్ని.

కంప్యూటర్ ఎనుక గోడకు నేను సొంతంగ రాసి అంటించిన అట్ట ఒకటుండె. తెలుగు, హిందీ, గుజరాతీ, మూడు భాషలల్ల: ‘కంప్యూటర్ మొరాయిస్తే: 1. బంద్ నొక్కు. 2. మెయిన్ స్విచ్ తియ్యి. 3. నూరు లెక్కవెట్టు. 4. చాలూ నొక్కు.’ కింద నా సంతకం. సంతకం ఎందుకంటే ఏం చెప్పాలె, ఉబ్బు.

ఒక దీపావళి సెలవులు అయిపోయి కార్ఖానా తెరిచిన పొద్దుగాల డిజైన్ పిల్ల పైకెల్లి కేకవెట్టింది: “కాకా! జల్దీ ఆవో, తాళం దిఖ్‌తలేదు!”

తాళం అంటే ఏందో చెప్త. ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఊకెనే నడవది. ఏలెడంత పుల్ల ఒకటి కంప్యూటర్ ఎనుక గుచ్చి ఉండాలె. అది ఉంటేనే, కంప్యూటర్ లేవంగనే దానంతల అదే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటది. మేము దాన్ని తాళం అంటుండె. ఒకసారి ఎవరో దాన్ని తీయవోయి వంచిండ్రు. అప్పటికెల్లి శేఠ్ దాన్ని టేపుతోని చుట్టిపిచ్చి, కుంకుమ బొట్టు వెట్టిపిచ్చి, ముట్టినోన్ని నౌకరికెల్లి తీస్తనన్నడు. పోయి చూస్తే పుల్ల దాని జాగల అది బుద్ధిగ ఉన్నది. తెర మీద మాత్రం తాళం కనబడతలేదని రాసి ఉన్నది.

“ఇదా!” అన్న నేను. కుర్చీ లాక్కున్న. బంద్ నొక్కిన, మెయిన్ తీసిన, నూరు లెక్కవెట్టిన. చాలూ జేసిన. తాళం కనబడతలేదు. ఇంకోసారి జేసిన. ఈసారి రెండు నూర్లు లెక్కవెట్టిన. లేదు. మేనేజర్ వచ్చి గుజరాతీల లెక్కవెట్టిండు. లేదు. డిజైన్ పిల్ల మౌస్ గుంజుకొని ఆమె జేసింది, అట్ట చూసుకుంట, ఒక్క అక్షరం తప్పకుండ. ఊహూ. చాయ్ టైం దాటింది. కింద సూదులు ఆగినయి. శేఠ్ పైకొచ్చిండు.

“శూ థయూ?” అన్నడు. ఏమైందని.

ఏమైందో తెలిస్తే చెప్పనా? నేను కరెంట్ వోల్టేజీ అన్న. మేనేజర్ సెలవుల తర్వాత పూజ చెయ్యకుండ తెరిచినం అన్నడు. నేను పూజకు తాళానికి ఏం సంబంధం అన్న. ఆయన వోల్టేజీకి మాత్రం ఏం సంబంధం అన్నడు. ఇద్దరం కిటికీ కాడ నిలవడి కొట్లాట షురూ జేసినం. శేఠ్ నడుమల వడ్డడు. డిజైన్ పిల్ల విసుగొచ్చి ఖమణ్ తిననీకె కిందికి వోయింది.

గప్పుడు అక్క చాయ్ కప్పులు వట్టుకొని లోపటికొచ్చింది. శేఠ్‌కు కోపం నెత్తికెక్కి ఉన్నది. ఆమె దిక్కు చెయ్యి ఊపి, “అందరు జేసిండ్రు, ఇగ నువ్వొక్కదానివే తక్కువ. నువ్వు గూడ బంద్-చాలూ చెయ్యి బహెన్!” అన్నడు హిందీల. ఎకసక్కెంగనే అన్నడు.

అక్క శేఠ్ చెప్పిండంటే చేస్తది. ట్రే కింద వెట్టి, చేతులు కొంగుకు తుడుసుకొని, కుర్చీ అంచు మీద కూసున్నది. మేము మా కొట్లాటల ఉన్నం. రెండు నిమిషాలకు ఆమె అన్నది: “శేఠ్ జీ, గీ పువ్వు వచ్చింది. సరేనా?”

తిరిగి చూస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకొని ఉన్నది. తెర నిండ దాని గుర్తు, తామరపువ్వు.

మేనేజర్ రెండు చేతులు జోడిచ్చిండు.

నేను నా లెక్క చెప్పిన: మేము అన్నిసార్లు చేసిన బంద్-చాలూకే అది దారికొచ్చింది, ఆమెది చివరి చెయ్యి, అంతే. శేఠ్ తలూపిండు. తెల్లారి పొద్దుగాల కంప్యూటర్ చాలూ జేస్తే మల్ల తాళం కనబడలే. నేను నా అట్ట ప్రకారం మూడుసార్లు జేసిన. లేదు. అక్కను పిలిచిండ్రు. ఆమె వచ్చింది, కూసున్నది, లేచింది. తామరపువ్వు. మూడో రోజు అంతే. నాలుగో రోజు నన్ను అడుగుడే బంద్ జేసిండ్రు. “బహెన్ కో బులావో” అన్నడు శేఠ్. “ఆమె చేతుల బరకత్ ఉన్నది.”

మన దిక్కు డాక్టర్లకు చేతి గుణం అంటం సూడుండ్రి, గట్ల. కంప్యూటర్‌కు చేతి గుణం ఉన్న మనిషిని మా కార్ఖానా కనుక్కున్నది.

“రాత్రంత బంద్ చెయ్యకుంటే అయిపోతది గదా?” అని మీరు అడుగుతరు. డిజైన్ పిల్ల గూడ అదే అడిగింది. గని అంతకుముందు ఒకసారి వైరు కాలి పొగ వచ్చినకాడికెల్లి, పోయేటప్పుడు కార్ఖానా మొత్తం మెయిన్ తీసి పోవాలని శేఠ్ ఆర్డర్. దేవుడొచ్చి చెప్పినా ఆయన మార్చడు.

ఇగ చూడండ్రి మా తమాష. వారం తిరగకముందే ఒక పద్ధతి తయారైంది. పొద్దుగాల అందరు డిజైన్ అర్ర బయట చెప్పులు విడిచేది. అక్కకు మెత్త ఉన్న కుర్చీ, అది అంతకుముందు మేనేజర్‌ది. మౌస్‌కు ఒక బొట్టు. అక్క కూసున్నంక అందరం గోడ దిక్కు మొఖం తిప్పి నిలవడాలె. దిష్టి తగులుతదని మేనేజర్ రూలు. అయిదారుగురు పెద్దమనుషులం, ఇస్కూల్ల శిచ్చ వడ్డ పోరగాండ్ల లెక్క గోడకు నిలవడేది. ఎనుక టిక్కు టిక్కుమని సప్పుడు. “వచ్చింది” అని అక్క అంటేనే తిరగాలె.

నేనైతే ఆ గోడకు గూడ నిలవడలే. నాకు మస్తు నామోషి అయింది. ఆమెను పిలిచిన ప్రతిసారి కింద మిషిన్‌కు నూనె వెయ్యాలనో, ఫ్యూజు చూడాలనో చెప్పి పోయేటోన్ని. ఇన్నేండ్ల కంప్యూటర్ మనిషిని, చాయ్ వోసే ఆమె ఏం జేస్తుందో చూసుడేంది అని. మూడు వారాలు. మూడు వారాలల్ల ఒక్కసారి గూడ ఆమెను ‘ఏం జేస్తున్నవక్కా’ అని అడగలే. ఈ కథల నేను చేసిన తప్పులు చాన ఉన్నయి గని, పెద్దది ఇదే. రాసుకోండ్రి.

ఒకరోజు అక్కకు జరమొచ్చి రాలే. పది గంటలకు శేఠ్ పానం ఆగలే. మేనేజర్ ఆమెకు వీడియో కాల్ జేసి, ఫోన్‌ను కంప్యూటర్ ముంగట వట్టిండు. “బహెన్, దూరం నుంచే జర ఆశీర్వాదం ఇయ్యి.”

ఫోన్‌ల అక్క మొఖం, దుప్పటి కప్పుకొని. “నేనేం ఇయ్యాలె అయ్యా? లే బిడ్డా, లేచి పని జేసుకో” అన్నది కంప్యూటర్ దిక్కు చూసి.

లేవలే. ఆటో తోలిండ్రు. భేస్తాన్‌కెల్లి ఆ జరం మీదనే వచ్చి, టిక్కు టిక్కు అనిపిచ్చి, అదే ఆటోల మల్ల పోయింది. ఆమె పోయినంక శేఠ్ నా దిక్కు చూసిన చూపు నాకింకా యాదికున్నది. తిట్టినా బాగుండు.

ఇదంత మాకు నవ్వులాటనే. అక్కకు కాదని మాకు కొన్ని దినాలకు తెలిసింది.

అక్క బిడ్డ ఊళ్లె అమ్మమ్మ కాడ పెరిగింది. ఆడనే చదివి, ఉరికి, దుంకి, పోలీస్ కానిస్టేబుల్ నౌకరి కొట్టింది. ట్రైనింగ్ అయిపోవచ్చింది. ఆఖరి రోజు కరీంనగర్‌ల పెద్ద గ్రౌండ్ మీద పరేడ్ ఉంటది, తల్లిదండ్రులను పిలుస్తరు. అక్కకు ఆ కాయితం చదువరాదు గని, మడతవెట్టి బొడ్లె సంచిల పెట్టుకొని తిరుగుతుండె. లూమ్ మీద పనిజేసే ఆమె పెనిమిటికి ఒక్క మాటతోనే సెలవు దొరికింది. ఆ లూమ్‌కు ఎవరి చెయ్యి అయినా ఒక్కటే గదా.

అక్క శేఠ్‌ను అయిదు రోజుల సెలవు అడిగింది. శేఠ్ మొఖం తెల్లవడ్డది. అది పెండ్లిళ్ల సీజన్, ఆర్డర్ల మీద ఆర్డర్లు. “అయిదు రోజులా? బహెన్, నా మిషిన్లు ఎవరు లేపాలె?” అన్నడు. మల్ల తనే, “పో, నేను కాదంటలేను. పోయేముందు నీ చెయ్యి ఎవరికన్న నేర్పిచ్చి పో” అన్నడు.

చెయ్యి నేర్పుడు షురూ అయింది. ముందు మేనేజర్. స్నానం జేసి, నుదుట బొట్టుతోని వచ్చి కూసున్నడు. మిగిలినోళ్లు ఎప్పటి లెక్కనే గోడ దిక్కు తిరిగిండ్రు, అక్క ఆయన చెయ్యి మీద చెయ్యి వెట్టింది. ఆయన భక్తితోని కండ్లు మూసుకున్నడు. తాళం దొరికింది! అందరు సప్పట్లు కొట్టిండ్రు. మెయిన్ తీసి, ఇప్పుడు ఒక్కనివే చెయ్యి అన్నరు. ఆయన గోడ మీది నా అట్ట చూసుకుంట చేసిండు. లేదు. మల్ల అక్క చెయ్యి పైన వెడితే ఉన్నది, తీస్తే లేదు. ఇంతకన్న సాక్ష్యం ఏం గావాలె?

తర్వాత డిజైన్ పిల్ల. “బరకత్ గాజులల్ల ఉండొచ్చు” అని ఎవరో అంటే, అక్క మట్టిగాజులు తొడుక్కొని కూసున్నది. “కాకా, ఏ నాటక్ ఖతం ఎప్పుడైతదో, నా నెమళ్లు సగంల ఉన్నయి” అనుకుంట. లేదు. ఒక మిషిన్ ఆపరేటర్ చేతులకు అల్లం, ఇలాచీ రాసుకొని వచ్చిండు, చాయ్ వాసన ఉంటే కంప్యూటర్ తనను అక్క అనుకుంటదని. లేదు. మౌస్ జిగట మాత్రం అయింది.

ప్రయాణానికి రెండు రోజులుందనంగ అక్క నా దగ్గరికొచ్చింది. నేను మెట్ల కింద ఒక మోటర్ విప్పుకొని కూసున్న. ఎదురుంగ గొంతుకూసున్నది.

“తమ్మీ, ఒక పని జేస్తవా?”

“చెప్పక్కా.”

“నువ్వు పెద్ద కంప్యూటర్ మనిషివి గదా. నా చేతిలకెల్లి గా పవరేందో జర తీసెయ్యి.”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వుతలేదు.

“నేను గుడ అనుకున్న, మెత్త కుర్చీ ఏసిండ్రు, శేఠ్ ‘ఆప్’ అని మర్యాదిస్తుండు, మంచిగనే ఉన్నదని. ఇప్పుడు గది నా కాళ్లకు అడ్డం వడ్డది. నా బిడ్డను చిన్నప్పటికెల్లి నేను దగ్గరుండి పెంచలే. ఏడాదికి ఒక్కసారి చూసిన. గా పరేడ్ నాడు గుడ నేను లేకపోతే ఎట్ల తమ్మీ?”

నేను మోటర్ పక్కకు వెట్టిన. “రెండు రోజులల్ల నేను బాగుజేస్త. నువ్వు బట్టలు సదురుకో” అన్న. ఏ ధైర్యంతోని అన్ననో నాకే తెల్వది.

ఆ రోజు, మర్నాడు నేను ఆ కంప్యూటర్‌ను విప్పని తీరు లేదు. బొట్టు వెట్టిన తాళం తప్ప అన్ని ముట్టిన. లోపటి పట్టీలు తీసి రబ్బరుతోని రుద్దిన. కరెంట్ డబ్బా మార్చిన. వైర్లు మార్చిన. సిస్టంల పాత అప్‌డేట్లు తీస్తనని వోయి, తెర మీది అక్షరాలు అరచేతులంత చేసిన. వాటిని మల్ల మామూలుగ చేయనీకె డిజైన్ పిల్ల గంట సేపు కూసున్నది. శేఠ్ వచ్చి డబ్బాను తూర్పు మొఖం పెట్టుమన్నడు. పెట్టిన. కాళ్లు మొక్కుమంటే మొక్కుతుంటి. తెల్లారి తాళం కనబడలే.

అక్క బండి ఆ రోజు మధ్యాహ్నం. బట్టల సంచి తెచ్చుకొనే పనికొచ్చింది, పొయ్యి దగ్గర పెట్టుకున్నది. శేఠ్ పైకి వస్తే ఆమె అడిగింది. శేఠ్ కింది దిక్కు చూసి, “రేపు పో బహెన్” అన్నడు. రేపు వోతే పరేడ్ అయిపోతది. అది ఆయనకు గూడ తెలుసు. అందుకే కింది దిక్కు చూసిండు.

అక్క ఎప్పటి లెక్కనే వచ్చి కంప్యూటర్ ముంగట కూసున్నది. అందరు గోడ దిక్కు తిరిగిండ్రు. నేను ఆ పొద్దు మెట్లు దిగలే. నా ఉబ్బు అంత ఎక్కడికో వోయింది. స్టూల్ ఒకటి గుంజుకొని ఆమె పక్కన కూసున్న. మేనేజర్ గోడ దిక్కే చూసుకుంట, “కాకా, దిష్టి!” అన్నడు. “తగలనీ” అన్న.

“అక్కా, ఏం జేస్తవో జర నాకు చూపియ్యి. మెల్లగ.”

“నువ్వు చెప్పిందే చేస్త తమ్మీ. బంద్-చాలూ.”

“అవును. ఎట్ల?”

ఆమె మౌస్‌ను మూల మీది కిటికీ గుర్తు మీదికి తెచ్చింది. నొక్కింది. గుండ్రం గుర్తు నొక్కింది. మూడు బొమ్మలు వచ్చినయి: చందమామ ఒకటి, పుల్ల గుచ్చిన సున్న ఒకటి, గుండ్రంగ తిరిగిన బాణం ఒకటి. మేమందరం ఇన్ని రోజులు నొక్కింది నడిమిది, ఆ సున్న. అక్క కిందికి జరిగి బాణం మీద నొక్కింది.

తెర నల్లగైంది. మల్ల వెలిగింది. తామరపువ్వు.

“అక్కా,” అన్న నేను, “గది ఎందుకు నొక్కినవ్?”

“మరేంది నొక్కాలె?” అన్నది ఆమె. “గా నడిమిది బంద్‌ది. మీరు రోజు మాపటికి దాన్నే నొక్కి ఇంటికి వోతరు గదా, నేను చూస్త. నాకు శేఠ్ బంద్-చాలూ రెండు చెయ్యమన్నడు. గీ బాణం సుట్టు తిరిగి మల్ల మొదటికొచ్చింది సూడు. బంద్ అయితది, దానంతల అదే చాలూ అయితది. రెండు పనులు ఒక్కసారే అయితయని గదే నొక్కిన. తప్పా తమ్మీ?”

గోడకు నిలవడ్డోళ్లందరు తిరిగిండ్రు.

నాకైతే రీస్టార్ట్ అన్నా, బంద్ చేసి చాలూ జేసుడన్నా ఒక్కటే. ఇన్నేండ్లు అట్లనే అనుకున్న, వందల మందికి అట్లనే చెప్పిన. ఇప్పుడు పరీక్ష పెట్టిన. సున్న నొక్కి, మెయిన్ తీసి, నూరు లెక్కవెట్టి చాలూ జేసిన: తాళం లేదు. బాణం నొక్కిన: ఉన్నది. మల్ల సున్న: లేదు. మల్ల బాణం: ఉన్నది. నా చేతికి గూడ బరకత్ వచ్చింది.

డిజైన్ పిల్ల గప్పటికే ఫోన్‌ల ఎతుకుతున్నది. మూడు వారాలు మేము ‘తాళం కనబడతలేదు’ అనే ఎతికినం. ఇప్పుడు ‘రీస్టార్ట్ చేస్తే వస్తది, బంద్ చేసి చాలూ చేస్తే రాదు’ అని అడిగింది. చాయ్ సల్లారక ముందే దొరికింది.

“కాకా, సునో. బంద్ నొక్కితే ఇది పూరా బంద్ అయితలేదంట!”

సంగతేందంటే, కొత్త సిస్టంలు పొద్దుగాల జల్ది లేవాలని ఒక ఉపాయం పెట్టుకున్నయి. మనం బంద్ అన్నప్పుడు అవి లోపటి ముచ్చట్లన్ని ఒక కాడ రాసుకొని పంటయి. లేవంగనే ఆ రాసుకున్నది చదువుకొని, నిన్న ఎక్కడ ఆగినయో ఆడికెల్లే షురూ జేస్తయి. తాళం పుల్లనేమో కరెంట్ పోంగనే అన్ని మరిచిపోతది. పొద్దుగాల కంప్యూటర్ ‘నిన్న మనం కలిసినం గదా’ అంటది, పుల్ల ‘నువ్వెవరు’ అంటది. మెయిన్ తీసి నూరు గాదు, లక్ష లెక్కవెట్టినా అంతే. రీస్టార్ట్ నొక్కితేనే కంప్యూటర్ గూడ అన్ని మరిచి కొత్తగ లేస్తది, ఇద్దరు కొత్తగ పరిచయం చేసుకుంటరు. దీపావళి సెలవులకు ముందు సిస్టం తనంతల తనే ఒక అప్‌డేట్ ఎక్కించుకున్నది, దాంతోని ఈ ఉపాయం మా కంప్యూటర్ల చాలూ అయింది.

అంటే నా అట్ట చూసి చదువచ్చినోళ్లందరు ఎంత శ్రద్ధగ పాటిస్తే అంత గట్టిగ బీమారిని కాపాడిండ్రు. ఆ అట్ట చదువరాని ఒక్క మనిషే మందు ఏసింది.

సెట్టింగుల ఒక చిన్న డబ్బాల టిక్కు ఉన్నది. తీసేసిన. బంద్ జేసి, మెయిన్ తీసి, చాలూ జేసిన. తామరపువ్వు వచ్చింది. ఇంకోసారి. వచ్చింది. నేను, మేనేజర్, డిజైన్ పిల్ల, అల్లం రాసుకున్న ఆపరేటర్, ఒక్కొక్కరం చేసినం. అందరికీ వచ్చింది.

ఒక్క నిమిషం నాకు చెడ్డ బుద్ధి వుట్టింది. ‘అక్క తన పవర్ నాకు ఇచ్చింది’ అంటే చాలు, శేఠ్ నమ్ముతడు, నా పేరు నిలుస్తది. నోటిదాక వచ్చింది. అక్క నా దిక్కు చూస్తున్నది. మెత్త కుర్చీల ఒక అంచుకు కూసోని, సంచి ఎక్కడుందో అన్నట్టు తలుపు దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి.

“శేఠ్ జీ,” అన్న, “బరకత్ గిరకత్ ఏం లేదు. తప్పు నాది. నేను రాసిన అట్టదే తప్పు. అక్క ఒక్కతే సరిగ్గ చేసింది.” పోయి అట్ట చింపిన. సంతకం ఉన్న ముక్కను జేబుల ఏసుకున్న.

శేఠ్ కంప్యూటర్ దిక్కు చూసిండు. నమ్మినట్టు తలూపిండు. మల్ల నమ్మనట్టు తలూపిండు. “ఠీక్ హై” అన్నడు ఆఖరుకు. “బహెన్, జా. గని పరేడ్ నాడు పొద్దుగాల ఒక్కసారి వీడియో కాల్ చెయ్యి. ఎందుకైనా మంచిది.”

మేనేజర్ ఆటో పిలిచిండు. అక్క సంచిని తనే మోసుకొచ్చి పెట్టిండు. అక్క ఆటోల కూసొని, తల బయట వెట్టి, “చాయ్ పత్తి పెద్ద డబ్బాల ఉన్నది, చిన్న డబ్బాలది ముట్టకుండ్రి, గది జీలకర్ర” అని కేకవెట్టింది. పోయింది. మేము మొదటి రోజు జీలకర్ర చాయే తాగినం.

పరేడ్ నాడు పొద్దుగాల శేఠ్ అందరికన్న ముందొచ్చి అర్రల కూసున్నడు. కంప్యూటర్ చాలూ చెయ్యబోతే, “ఆగు, బహెన్ ఫోన్ రానీ” అన్నడు. ఫోన్ వచ్చింది. తెర మీద మొదట అక్క చెవి, తర్వాత మొగులు, తర్వాత ఎవరిదో గొడుగు కనబడ్డయి. “తమ్మీ, కనబడుతుందా?” అని అరుస్తున్నది. బ్యాండ్ సప్పుడుల ఏం ఇనవడతలేదు. మెల్లగ ఫోన్ నిలవడ్డది.

ఖాకీ బట్టల పోరగాండ్లు, పోరీలు, వరుసలు వరుసలుగ. బూట్లన్ని ఒక్కసారే నేలకు తగులుతున్నయి. అక్క పక్కోళ్లను అడుగుతున్నది, “ఏది నా బిడ్డ? ఏది?” అని. అందరు ఒక్కతీరే ఉన్నరు. మేము గూడ ఎతుకుతున్నం. డిజైన్ పిల్ల మేనేజర్ భుజం మీదికెల్లి వంగి, “మూడో లైన్, వో రహీ, అక్క ముక్కే!” అని కేకేసింది. నిజమే. అక్క ముక్కు, అక్క గదువ, నెత్తి మీద టోపీ.

పరేడ్ అయిపోయినంక ఆ పిల్ల తల్లి దగ్గరికొచ్చింది. అక్క ఫోన్‌ను ఆమె దిక్కు తిప్పి, “వీళ్లే నన్ను పంపియ్యమన్నోళ్లు” అని చెప్పింది. పిల్ల నవ్వి, బూటు నేలకు కొట్టి, మాకు సెల్యూట్ కొట్టింది.

మా శేఠ్ దిగ్గున లేచి నిలవడ్డడు. కుడిచేతిల చాయ్ కప్పు ఉన్నది యాది మరిచి, అదే చేతితోని నొసటికి సెల్యూట్ కొట్టిండు. చాయ్ చెంప మీదికెల్లి అంగీల కారింది. ఎవ్వరు నవ్వలే. మేనేజర్ కండ్లు తుడుసుకుంటున్నడు. నేను గూడ.

ఫోన్ పెట్టేసినంక అందరం ఆ పిల్ల గురించే మాట్లాడుకుంట కూసున్నం. ఎంత ఎత్తు ఉన్నది, ఎంత మంచిగ నడిచింది, ఏ ఠాణాల ఏస్తరో అని. పదకొండు దాటినంక కింది ఆపరేటర్ పైకొచ్చి తలుపుల నిలవడి అడిగిండు: “ఏంది కాకా, ఇయ్యాల గూడ కంప్యూటర్ లేవలేదా?”

మేమందరం దాని దిక్కు చూసినం. ఇంకా ఎవ్వరు చాలూనే చెయ్యలే.